రాక్ బ్యాండుకి మైకు పెట్టినవాణ్ణి

నా పేరు సన్యాసిరావు. విశాఖపట్నంలో మైకు సెట్ల షాపులో చేరి, సౌండ్ ఇంజనీరు అనిపించుకుని, వయసు మీద పడ్డాక పని మానేశాను. పేరు మారింది కానీ పని మారలేదు. పాడేవాడి గొంతు చివరి వరసలో కూర్చున్న మనిషికి చేరాలి. పాడేవాడు క్షేమంగా ఇంటికి చేరాలి. మొదటిది నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. రెండోది నేర్చుకునేసరికి ఒక మనిషి చెయ్యి కాలింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. ఏ మిక్సరు కొనాలి, ఏ కోర్సు చేయాలి అని అడుగుతారు. వాటికి నా దగ్గర పెద్దగా జవాబు లేదు. వాళ్లలో గిటారు పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఇంకో ప్రశ్న వేస్తారు: "అప్పట్లో వైజాగులో రాక్ షోలు జరిగేవట కదండీ, ఎలా ఉండేవి?" దానికి జవాబు ఉంది. అది చెబితే మిగతా ప్రశ్నలకి కూడా కొంత సరిపోతుందని ఇది రాస్తున్నాను.

పైడిరాజు గారి షాపు

మాది ఆనందపురం దగ్గర పల్లె, వ్యవసాయం. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పాసై, డెబ్బైల మొదట్లో అల్లిపురంలో పైడిరాజు గారి మైకు షాపులో చేరాను. పెళ్లిళ్లు, పార్టీ మీటింగులు, అమ్మవారి పండగలు. పందిరి రాటకి బాకా స్పీకర్లు కట్టడం, ఆంప్లిఫయర్ పెట్టడం, అవతలి వీధి దాకా వినిపిస్తే పని బాగున్నట్టు. "మైకు పగిలిపోయిందిరా" అని జనం అంటే అది మెచ్చుకోలు.

పైడిరాజు గారు పెద్దగా చదువుకోలేదు. కరెంటు మాత్రం ఆయన చేతికి తెలుసు. ఏ సామాను ఆన్ చేసినా ముందు చేతి వెనకవైపు ఆనించి చూసేవారు.

"మునివేళ్లతో ముట్టుకుంటే సెయ్యి అతుక్కుపోద్దిరా. ఎనక్కి తిప్పి తాకేవనుకో, అదే ఇదిలించీసుద్ది" అనేవారు.

మంచి పనివాడు. ఆయన చెప్పినవన్నీ మంచివి కావు. అది తర్వాత చెబుతాను.

రైల్వే హాల్లో పరువు పోయిన రోజు

రైల్వే కాలనీలో అప్పట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డెరిక్ ఆ కాలనీ వాడు. తండ్రి బొగ్గింజను డ్రైవరు, డెరిక్ లోకో షెడ్డులో ఫిట్టరు. గిటారు వాయిస్తూ పాడేవాడు. తనతో ఇంకో ఇద్దరు రైల్వే వాళ్లు ఉండేవారు, బదిలీలు అవుతూ వాళ్లు మారుతుండేవారు. మారనివాడు ఎల్లాజీ. హార్బరు దగ్గర చేపలు పట్టే కుటుంబం. తెల్లారి వేటకి పోయి, సాయంత్రం డ్రమ్ములు కొట్టేవాడు. ఒక పెళ్లి ఊరేగింపులో వాడు డ్రమ్ము వాయిస్తుంటే డెరిక్ సైకిలు దిగి ఊరేగింపు వెంట నడిచాడట. ఎల్లాజీకి ఇంగ్లీషు ముక్క రాదు. పాటలో ఎక్కడ కొట్టాలో ఎక్కడ ఆపాలో మాత్రం డెరిక్ కంటే వాడికే బాగా తెలుసు.

వాళ్ల షోకి మైకు పెట్టమని మా షాపుకి కబురొచ్చింది. నేను వెళ్లి హాలు నాలుగు మూలలా నాలుగు బాకాలు కట్టాను. డెరిక్ పాట ఎత్తుకున్నాడో లేదో మైకు కూత పెట్టింది. తగ్గించాను, గొంతు వినపడలేదు. పెంచాను, మళ్లీ కూత. డెరిక్ పాట ఆపేసి మైకులోనే అన్నాడు:

"ఆపు మేన్! ఇది ఎలక్షన్ మీటింగ్ అనుకున్నావా?"

హాలంతా నవ్వింది. నేను తలెత్తలేదు. షో అయ్యాక వైర్లు చుట్టుకుంటుంటే డెరిక్ దగ్గరికొచ్చి, "సండే మా ఇంటికి రా. నువ్వు వినాల్సింది ఒకటుంది" అన్నాడు.

వెళ్లాను. పోర్టుకి వచ్చిన ఓడ మీద పనిచేసే ఎలక్ట్రీషియన్ ఒకతను వాళ్లింట్లో వదిలిపోయిన రికార్డు అది. విదేశంలో ఎక్కడో జరిగిన షో. మొదట జనం గోల, ఆ గోలలోంచి డ్రమ్ము, తర్వాత గిటారు. మా బాకాలు చెవిలో అరిచేవి. ఇది అలా లేదు. డెరిక్ అదే చోట ముల్లు వెనక్కి పెట్టి పెట్టి వినిపించాడు.

"డ్రమ్ము ఎక్కడ వినపడతంది బావా?" అని అడిగాడు అక్కడే కూర్చున్న ఎల్లాజీ.

"ఎనక నుంచి, గిటారుకి కుడి పక్క" అన్నాను, తెలిసినట్టు.

"నాకైతే పొట్టలో వినపడతంది" అన్నాడు వాడు. వాడు చెప్పిందే సరైన జవాబు.

బాకాలతో ఆ పని జరగదని ఆ రోజే తెలిసింది. పెట్టె స్పీకర్లు కావాలి. పోర్టులో యంత్రాలు దిగుమతయ్యాక మిగిలిన ప్యాకింగు పెట్టెల చెక్కతో మేమే చేశాం. పెట్టె అతుకుల్లోంచి గాలి పోతే డ్రమ్ము పలచబడిపోతుంది. దానికి ఉపాయం ఎల్లాజీ వాళ్ల పేటలోనే దొరికింది. పడవ పలకల మధ్య నీళ్లు దూరకుండా దూది, గుగ్గిలం కూరతారు కదా, ఆ పనివాళ్లే మా పెట్టెలకీ కూరారు. ఆ పెట్టెల దగ్గర నిలబడితే గుగ్గిలం వాసన వచ్చేది. వాటితో చేసిన మొదటి షోలో డెరిక్ నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. ఏ సర్టిఫికెట్టూ నాకు అంత తృప్తి ఇవ్వలేదు.

ఆ షోల గురించి ఇప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఉన్నమాట చెప్పాలంటే సగం షోలు బాగుండేవి కావు. కరెంటు పోయేది. గిటారు తీగ తెగితే ఇంకో తీగ దొరకడానికి ఏదో ఒక ఓడ రావాలి. పాట మధ్యలో మాటలు మరిచిపోయి డెరిక్ నోటికొచ్చింది పాడేవాడు, ఎవరికీ తెలిసేది కాదు. అయినా జనం వచ్చేవారు. లోకో షెడ్డు వాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, సెలవు దొరికిన నేవీ వాళ్లు, తర్వాత్తర్వాత స్టీలు ప్లాంటు పనుల మీద ఊరికి వచ్చిన ఇంజనీర్లు. రికార్డుని వెనక్కి తిప్పి వినొచ్చు. వీళ్లు ఎదురుగా నిలబడి వాయించింది ఆ ఒక్కసారే. తప్పినా, కుదిరినా అది అక్కడున్న వాళ్లకే దక్కేది. అందుకే వచ్చేవారనుకుంటాను.

హమ్ము

ఒక కాలేజీ వార్షికోత్సవం. బీచికి దగ్గర మైదానంలో చెక్క స్టేజి. మధ్యాహ్నం సన్నగా తుంపర పడి ఆగింది. సాయంత్రం షో మొదలయ్యేసరికి మైదానం నిండిపోయింది.

గిటారు ఆంప్లిఫయర్ నుంచి హమ్ము వస్తోంది. కందిరీగ గదిలో ఇరుక్కున్నట్టు, పాట పాటకీ కింద ఒకటే రొద. మా మైకు సెట్టుకి కరెంటు ఒక చోట నుంచి, గిటార్లకి ఇంకో చోట నుంచి తెచ్చాం. రెండింటి ఎర్తులు కలిసి కొట్టుకుంటే ఆ రొద వస్తుంది. అది నాకు తెలుసు. సరిచేయాలంటే రెండింటికీ ఒకే చోట నుంచి లైను లాగాలి. దానికి టైము లేదు. ముందు వరస కుర్రాళ్లు "సౌండ్! సౌండ్!" అని అరుస్తున్నారు. రైల్వే హాల్లో జనం నవ్విన నవ్వు నాకు గుర్తుంది.

రెండు పాటల మధ్య స్టేజి ఎక్కాను. గిటారు ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకి, విప్పి, ఎర్తు తీగ కత్తిరించేసి మళ్లీ పెట్టాను. హమ్ము టక్కున ఆగిపోయింది. జనం "ఓ" అన్నారు. డెరిక్ మైకుకి కాస్త ఎడంగా నిలబడే, "థాంక్స్, సన్యాసీ!" అన్నాడు. నేను గర్వంగా దిగి వచ్చాను. షోకి ముందు చేతి వెనకవైపుతో అన్నీ తాకి చూశాను. తీగ కత్తిరించాక మళ్లీ చూడలేదు.

ఆ ఆంప్లిఫయర్ పాతది. లోపల ఎక్కడో కరెంటు దాని ఇనప ఒంటికి లీకవుతోంది. ఆ లీకంతా అప్పటిదాకా ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోతోంది. నేను ఆ దారి మూసేశాను. ఇప్పుడది గిటారు తీగల్లోకి వచ్చి, పోయే దారి కోసం కాచుకుని ఉంది. మైకుకి మా సెట్టు ఎర్తు ఉంది, ఆ దారి అదే.

డెరిక్ చాలాసేపు గిటారు ఒక్కటే వాయించాడు. తర్వాత పాడటానికి వంగాడు. ఎడమ చేతి వేళ్లు తీగల మీద, పెదవులు మైకు మీద. టప్పుమని చప్పుడు. మనిషి కర్రలా బిగుసుకుపోయి, మైకు స్టాండుతో సహా ముందుకి ఊగాడు. నేను మెయిన్ స్విచ్చి వైపు పరిగెత్తాను. నేను చేరేలోపే ఎల్లాజీ డ్రమ్ముల మీంచి దూకి, కూర్చునే చెక్క స్టూలుతో మైకు స్టాండుని ఒక్క దెబ్బ కొట్టాడు. స్టాండు ఒకపక్క, డెరిక్ ఒకపక్క పడ్డారు. కరెంటు సంగతులు వాడికి ఎవరూ నేర్పలేదు. ఆ స్టూలే లేకపోతే డెరిక్ ఉండేవాడు కాదు.

పెద్దాసుపత్రిలో డెరిక్ కళ్లు తెరిచాడు. పెదవులు కాలాయి. ఎడమ చేతి వేళ్ల మీద గిటారు తీగలు పడినచోటల్లా లోతుగా కాలింది.

అందరూ వానే కారణమన్నారు. కాలేజీ వాళ్లూ అదే అన్నారు. పైడిరాజు గారు నన్ను ఆసుపత్రి వరండాలో పక్కకి తీసుకెళ్లారు. ఆయన ఆ ప్లగ్గు చూశారు.

"వానే అను. ఎవుడడిగినా వానే అను. నిజం సెప్తే ఆడి సెయ్యి బాగవుద్దేటి? మన షాపు మూతపడుద్ది, అంతే."

నేను వానే అన్నాను.

క్యాసెట్టు

మూడు వారాలు రోజూ డెరిక్ ఇంటికి వెళ్లాను. పెదవులు మానేదాకా పాలు, జావ నేనే తాగించాను. ఎల్లాజీ వేట నుంచి తిన్నగా అక్కడికే వచ్చేవాడు. "బావ మంచోడు" అని డెరిక్ తల్లికి చెప్పేవాడు. నేను జావ గిన్నె కడగాలని లేచి వెళ్లిపోయేవాణ్ణి. 

ఒక ఆదివారం, వాళ్లు చర్చి నుంచి వచ్చాక వెళ్లాను. డెరిక్ ఎడమ చేతికి కట్టుతో వరండాలో కూర్చున్నాడు. ఎదురుగా టేపు రికార్డరు. ఆ రోజు షోని బ్యాండు వాళ్లలో ఒకతను టేపు చేశాడని నాకు అప్పటిదాకా తెలియదు.

"నువ్వూ విను మేన్. మన బెస్ట్ షో. నేను పడేదాకా" అని నవ్వబోయాడు, పెదవి లాగింది.

టేపులో మొదటి పాటల కింద కందిరీగ రొద. తర్వాత స్టేజి మీద ఎవరో నడిచిన చప్పుడు. నేనే. రొద ఆగింది. జనం "ఓ". "థాంక్స్, సన్యాసీ!" తర్వాత గిటారు ఒక్కటే. నిజంగానే అంత శుభ్రమైన సౌండు మేమెప్పుడూ వినలేదు. డెరిక్ కళ్లు మూసుకుని, కుడి చేతి వేళ్లు తొడ మీద ఆడిస్తున్నాడు. ఒక మాటలో సగం. ఆ చప్పుడు. కేకలు.

డెరిక్ టేపు ఆపాడు. "బ్లడీ వాన" అన్నాడు.

"వాన కాదు" అన్నాను.

మెట్ల మీద కూర్చున్న ఎల్లాజీ తలెత్తాడు. "మరేటి?"

"ఆ హమ్ము ఆగింది కదా, అది నాను ఎర్తు తీసీసినాను. తీగ కత్తిరించీసినాను. అందుకే గిటారులోకి కరెంటొచ్చింది."

డెరిక్ టేపు రికార్డరు మీది చెయ్యి తీశాడు.

"మూడు వారాలు ఈడి పక్కన కూకున్నావు" అన్నాడు ఎల్లాజీ. "వాన, వాన అన్నావు. తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నాను."

వాడు లేచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. కొట్టలేదు.

"ఎల్లిపో. నాను నిన్ను మల్లీ సూసేనంటే ఊరుకోను. ఎల్లిపో."

డెరిక్ నా వైపు చూడలేదు. కుడి చేత్తో టేపు కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ నొక్కాడు. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి తన గొంతు వినపడింది. "థాంక్స్, సన్యాసీ!"

గొయ్యి

"ఎందుకు సెప్పీసేవురా? ఎవుడడిగేడు నిన్ను?" అని పైడిరాజు గారు షాపులో చిందులేశారు. పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీయలేదు. మర్నాడు గునపం ఇచ్చి షాపు వెనక ఎర్తు కోసం గొయ్యి తవ్వమన్నారు. బొగ్గు, ఉప్పు ఎలా పొరలు పొరలుగా వేయాలి, గొట్టం ఎంత లోతు దింపాలి, నీళ్లు ఎంత పోయాలి, ఇసక నేలకీ ఎర్ర నేలకీ తేడా ఏమిటి, అన్నీ దగ్గరుండి చేయించారు. సరిగా రాలేదని పూడ్పించి మళ్లీ తవ్వించారు. అబద్ధం ఆడమన్నదీ ఆయనే, మళ్లీ ఆ తప్పు జరగకుండా చేసిందీ ఆయనే. యజమాని మాటల్లో ఏది వినాలో ఏది వినకూడదో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. నేను ఆలస్యంగా తేల్చుకున్నాను.

ఏడాది పాటు పెళ్లిళ్లు, మీటింగులు చేశాను. ప్రతి చోటా గొయ్యి తవ్వాను. పెళ్లివారు వింతగా చూసేవారు.

ఒక రోజు డెరిక్ షాపుకి వచ్చాడు. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు వంగడం లేదు. చిటికెన వేలికి రాగి గొట్టం ముక్క తొడుక్కున్నాడు. లోకో షెడ్డులో తనే కోసుకుని నున్నగా రాశాడట. ఆ గొట్టాన్ని తీగల మీద జారుస్తూ వాయించడం నేర్చుకున్నాడు.

"రైల్వే హాల్లో షో ఉంది. నువ్వు రావాలి" అన్నాడు.

"ఎల్లాజీ?"

"నువ్వొస్తే రానంటున్నాడు."

"మరి ఇంకెవరినైనా పిలుచుకో డెరిక్."

గుమ్మం బయటికి చూసి, గొంతు తగ్గించాడు. "మైకు దగ్గర నోరు పెట్టాలంటే నాకు భయం వేస్తోంది మేన్. ఇంట్లో గరిటెని మైకులా పట్టుకున్నా భయమే. ఎల్లాజీకి చెప్పలేదు. కొత్తవాడు వచ్చి అంతా ఓకే అంటే నేను నమ్మను. నువ్వు ఓకే అంటే నమ్ముతా. ఒక్కసారి తప్పు చేశావు కాబట్టి."

వెళ్లాను. హాలు వెనక గొయ్యి తవ్వి, గొట్టం దింపి, అన్నింటికీ ఒకే లైను లాగాను. రానన్న ఎల్లాజీ కూడా వచ్చాడు. నన్ను దాటుకుని హాలు వెనక్కి వెళ్లాడు. గొయ్యి చూశాడు, తీగ వెంట నడుచుకుంటూ స్టేజి దాకా వచ్చాడు. గిటారు తీసి నా చేతిలో పెట్టాడు.

"మెడలో ఏసుకో. తీగలు గట్టిగా పట్టు. మైకు మీద నోరెట్టు."

ఆన్ చేసి ఉంది.  తీగలు పట్టుకుని మైకుకి పెదవులు ఆనించాను. చల్లటి ఇనుము. ఇంకేం లేదు.

"మాటాడు."

"వన్, టూ, త్రీ."

"ఇంకా మాటాడు."

వాడు చాలనేదాకా అంకెలు చెబుతూనే ఉన్నాను. డెరిక్ పక్కన నిలబడి నా మూతి వంకే చూస్తున్నాడు. తర్వాత వచ్చి గిటారు తీసుకున్నాడు. ఆ సాయంత్రం మొదటి పాట మైకుకి జానెడు దూరం నుంచి పాడాడు. రెండో పాటకి దగ్గరికొచ్చాడు.

ఆ తర్వాత ప్రతి షోకి ముందూ మొదట నా నోరే మైకు మీద పడేది. ఎవరూ ఆర్డరు వేయలేదు, అలా జరిగిపోయింది. ఎల్లాజీ నాతో పనికి కావలసినంత మాట్లాడేవాడు. బావా అని మాత్రం పిలవలేదు.

పిల్లలూ, మీ సామాను వేరు. తీగ లేని మైకులు వచ్చాయి. అయినా మొన్న ఒక ఫంక్షన్ హాల్లో చూశాను, హమ్ము వస్తోందని మూడు పిన్నుల ప్లగ్గుకి లావు పిన్ను, అంటే ఎర్తు పిన్ను, విరిచేసి పెట్టారు. చేసింది ఎవరని అడిగితే ఒకబ్బాయి నవ్వుతూ చెయ్యెత్తాడు. సౌండు బాగుందని అతనికి మెచ్చుకోలు కూడా దొరికిందట. అతణ్ణి తిట్టలేదు. గిటారు అతని చేతికిచ్చి, మైకు మీద నోరు పెట్టమన్నాను. నవ్వు ఆగిపోయింది. వెళ్లి ప్లగ్గు మార్చాడు.

చివరి షో

ఎనభైల మధ్యకి వచ్చేసరికి జనం తగ్గారు. ఇంటింటికీ టేపు రికార్డర్లు వచ్చాయి. హాలు కావలసినవాళ్లు సినిమా పాటల ఆర్కెస్ట్రాలని పిలుస్తున్నారు. నేనూ వాటికే ఎక్కువ పనిచేస్తున్నాను. ఎల్లాజీ మరబోటు మీద డ్రైవరయ్యాడు, వారాల తరబడి సముద్రంలోనే. డెరిక్‌కి ఖరగ్‌పూర్ బదిలీ ఆర్డరు వచ్చింది. ఇంకొక్క షో చేద్దామన్నాడు.

అదే రైల్వే హాలు. సగం కుర్చీలు నిండితే గొప్ప అనుకున్నాం. గొయ్యి పని ముగించి, చేతులు కడుక్కుని, మైకు చూడటానికి లోపలికి వచ్చాను. స్టేజి మీద ఎల్లాజీ ఉన్నాడు. జీవితంలో గిటారు ముట్టనివాడు దాన్ని మెడలో వేసుకుని, పంజాతో తీగలన్నీ పట్టుకుని, మైకు మీద నోరు పెట్టి ఉన్నాడు.

"ఒకటి. రెండు. మూడు."

"అదేటి, నాను కదా సూడాల?" అన్నాను కింద నుంచి.

"ఏం, నీ ఎర్తు మీద నీకే నమ్మకం లేదేటి బావా?" అన్నాడు మైకులోనే. ఖాళీ హాలంతా మోగింది.

 వెళ్లి నా మిక్సరు బోర్డు దగ్గర కూర్చున్నాను.

జనం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. తలలు నెరిసిన లోకో షెడ్డు వాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చారు. అన్నేళ్ల పనిలో నేను ఒక్క పాటా విన్నది లేదు. కూత వస్తుందా, హమ్ము వస్తుందా, డ్రమ్ము గొంతుని మింగేస్తోందా, ఇవే వినేవాణ్ణి. ఆ సాయంత్రం డెరిక్ ఆఖరి పాట రాగి గొట్టంతో మొదలుపెట్టాడు. ఎల్లాజీ చాలాసేపు ఊరుకుని, ఎక్కడ రావాలో అక్కడ వచ్చాడు. నాకు పొట్టలో వినపడింది. మాటలకి అర్థం నాకు ఇప్పటికీ తెలియదు. పాట అయ్యింది, చప్పట్లు అయ్యాయి, కుర్చీలు జరిగాయి, జనం గుమ్మం వైపు కదిలారు. నేను కదల్లేదు.

చివరికి డెరిక్ మైకు దగ్గరికి వచ్చాడు.

"సన్యాసీ, అయిపోయింది. ఆఫ్ చెయ్యి మేన్."